గురువారం గడిలో పట్టనివి

రాత్రి పదిన్నర దాటింది. వంటింటి పని అయింది, బాబు పడుకున్నాడు. ఇప్పుడు ఈ ప్లానర్ నింపితే ఇవాళ్టికి నా ఉద్యోగం అయిపోయినట్టే. రేపు రాసుకోవచ్చులే అనుకోవడానికి లేదు. మేముండే అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిల్లల్ని ఇంట్లో చదివించుకునేవాళ్లకి చట్టం పెట్టిన షరతుల్లో ఇదొకటి: చెప్పిన పాఠం చెప్పినప్పుడే రాసి పెట్టుకోవాలి. చదివిన పుస్తకాలు పేర్లతో సహా ఉండాలి.

ఇది హోమ్‌స్కూల్ వాళ్ల కోసం చేసిన ప్లానరేం కాదు. ఆగస్టులో బళ్లు తెరిచే ముందు షాపుల్లో కుప్పలు పోసి అమ్మే మామూలు స్టూడెంట్ ప్లానర్. స్పైరల్ బైండింగు, వారానికి రెండు పేజీలు, ఎడమ పక్కన సబ్జెక్టు పేరు వేసుకోవడానికి ఖాళీ గడులు. జులైలో మొదలై జూన్‌తో అయిపోతుంది. ఇక్కడి చదువుల సంవత్సరం లెక్క కూడా జులై 1 నుంచి జూన్ 30 వరకే కాబట్టి నాకు అచ్చంగా సరిపోయింది. బడిపిల్లలు ఇందులో రేపు చేయాల్సిన హోంవర్కు రాసుకుంటారు. నేను ఇవాళ అయిపోయింది రాస్తాను. మొదట్లో నేనూ ఆదివారం కూర్చుని వారం మొత్తానికి పాఠాలు వేసేదాన్ని. బుధవారానికల్లా అవి ఎక్కడివక్కడే ఉండి, మేం ఇంకెక్కడో ఉండేవాళ్లం. చెరపలేక మానేశాను.

మా ఆయన ఫార్ములాలన్నీ పెట్టి ఒక ఎక్సెల్ షీట్ చేసిచ్చారు. రోజులు దానంతటదే కూడుకుంటుందట. బాగానే ఉంది కానీ, లాప్‌టాప్ తెరిస్తే నా పక్కన ఒక తల వచ్చి చేరుతుంది, ఆ తర్వాత యూట్యూబ్ వస్తుంది. ప్లానరయితే ఉప్పు డబ్బా పక్కన పడి ఉంటుంది, ఎవరికీ దాని మీద ఆశ లేదు. చట్టం ప్రకారం చదువు చెప్పినట్టు ఏడాదికి 180 రోజులైనా చూపించవచ్చు, చిన్న తరగతులకైతే 900 గంటలైనా చూపించవచ్చు. నేను రోజులే తీసుకున్నా. చపాతీలు ఒత్తుతూ, ఒకదాన్ని ముక్కలు కోసి భిన్నాలు చెప్పినదానికి ఎన్ని నిమిషాలని రాయను?

ఇవాళ పొద్దున పెన్సిల్వేనియా చరిత్ర. ఈ వరసలో సాధారణంగా ఏదో ఒకటి గీకేసి ముందుకెళ్తాను, ఇవాళ కుదరలేదు. జాన్స్‌టౌన్ వరద చదివాం. ఇక్కడ పిట్స్‌బర్గ్ నుంచి తూర్పుకి కారులో గంటన్నర. 1889 మే 31న ఊరికి 14 మైళ్ల ఎగువన ఉన్న సౌత్ ఫోర్క్ డ్యామ్ తెగి 2,200 మందికి పైగా పోయారు. ఆ డ్యామ్ డబ్బున్నవాళ్ల చేపలవేట క్లబ్బుది. ఉక్కు వ్యాపారంలో కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ కూడా అందులో సభ్యుడే. మావాడు పుస్తకం మూసి, అట్ట మీద అంటించిన లైబ్రరీ స్టిక్కర్ చూశాడు. అది కార్నెగీ లైబ్రరీ. "ఈయనేనా అమ్మా?" అన్నాడు. ఈయనే. వరద తర్వాత జాన్స్‌టౌన్‌కి లైబ్రరీ మళ్లీ కట్టించిందీ ఈయనే అని చెప్పాను. "అయితే మంచివాడా, చెడ్డవాడా?" దీనికి ప్లానర్లో గడి లేదు, నా దగ్గర జవాబూ లేదు.

అప్పుడే అత్తయ్యగారు వీడియో కాల్ చేశారు. మాకు పొద్దున తొమ్మిదంటే ఆవిడకి రాత్రి ఏడున్నర, భోజనం ముందు మనవణ్ణి చూసుకునే టైము. "ఏం అమ్మాయ్, ఇవాళైనా బడుందా, మంచు పడిందని ఎగ్గొట్టారా?" అన్నారు. ఇంట్లో బడి అంటే ఆవిడకి ఇంకా నమ్మకం కుదర్లేదు. వీడు ఫోన్ లాక్కుని వరద కథంతా చెప్పాడు. ఆవిడ కాసేపు విని, "మా వైపూ వచ్చింది నాన్నా, 77లో" అన్నారు.

ఆవిడది దివిసీమ, కోడూరు వైపు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడ పెళ్లి కాని పిల్ల. నేను ఇంటికి కోడలిగా వచ్చాక ఆవిడ నోట ఈ సంగతి ఎప్పుడూ వినలేదు. గాలికి పెంకులు లేచిపోతుంటే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాబా మీదికి అందరూ ఎక్కారట. గొడ్ల పలుపులు కోసి వదిలేసి వచ్చాడట వాళ్ల నాన్న, ఈదుకునేవి ఈదుకుంటాయని. తెల్లారి ఒక్క గేదె వచ్చిందట. "మరి మిగతావి నానమ్మా?" అన్నాడు వీడు. ఆవిడ "నువ్వు టిఫిన్ తిన్నావా?" అన్నారు. నేను పాఠం అయిపోయిందని అర్థం చేసుకుని ఫోన్ తీసుకున్నాను.

జాన్స్‌టౌన్ చరిత్ర వరసలో కూర్చుంది. దివిసీమ ఎక్కడ కూర్చోవాలి? చట్టం చెప్పే సబ్జెక్టుల్లో అమెరికా చరిత్ర ఉంది, ఈ రాష్ట్ర చరిత్ర ఉంది, మా చరిత్ర లేదు. భూగోళం ఉంది కాబట్టి "బంగాళాఖాతం తుఫాన్లు, కృష్ణా డెల్టా" అని అందులో రాసి, పక్క మార్జిన్లో తెలుగులో "అత్తయ్యగారి గేదె" అని రాసుకున్నాను. అది నాకోసం.

మధ్యాహ్నం పప్పులో ఎండుమిరపకాయల తాలింపు వేసేసరికి స్మోక్ అలారమ్ మోగింది. తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇది వింతేం కాదు, తువ్వాలు తీసుకుని విసరడం అందరికీ అలవాటే. మావాడు మాత్రం ఆటస్థలం దొరికినట్టు ఎగిరాడు. "అమ్మా, ఫైర్ సేఫ్టీ!" నిజమే, అగ్నిప్రమాదాల గురించి తరచూ చెబుతూ ఉండాలని చట్టంలో ప్రత్యేకంగా ఉంది. అందుకని ఉత్తుత్తిగా కాకుండా నిజంగానే చేశాం. పొయ్యి ఆపి, తలుపు వెనక వేడి చూసి, మెయిల్‌బాక్స్ దగ్గరికి పరుగు. మంచులో చెప్పులేసుకుని నిలబడ్డ మమ్మల్ని చూసి ఎదురింటి పెద్దాయన కిటికీ తెరిచి అంతా బాగేనా అని అడిగాడు. లోపలికొచ్చాక అలారమ్ బ్యాటరీ కూడా వాడి చేతే మార్పించాను.

పుస్తకాల పేర్లు వాడే రాస్తాడు. పోయినేడాది మా ఎవాల్యుయేటర్, అంటే ఏడాది చదువంతా చూసి సంతకం పెట్టే మనిషి, టీచరుగా చాలాకాలం చేసినావిడ, లెక్కల కాగితాలు గబగబా తిప్పేసి పేర్ల దగ్గర ఆగి, ఇది నీకెందుకు నచ్చింది అని నన్ను కాదు, వాణ్ణి అడిగింది. 2014 నుంచి ఈ కాగితాల ఫైలు స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి పంపక్కర్లేదు, ఆవిడ సంతకం పెట్టిన కాగితం జూన్ నెలాఖరుకి చేరితే చాలు. ఈ ఏడాది మూడో తరగతి కనక టెస్టు కూడా ఉంది, అది తల్లిదండ్రులు పెట్టకూడదు. ఎవరు పెడతారో కనుక్కోవాలి, అదొక టెన్షన్.

సాయంత్రం వాళ్ల నాన్నతో కలిసి మంచు తీశాడు. అది వ్యాయామం కింద రాయాలని పేచీ. నిజంగా తీసింది అరగంటే, మిగతాదంతా ఒకరి మీద ఒకరు విసురుకోవడం. సరే, వ్యాయామమే. తనే రాశాడు, షవలింగ్ స్పెల్లింగులో ఓ బదులు యూ పెట్టి. చెరపలేదు. ఆ మాటని రేపటి స్పెల్లింగ్ గడిలో వేశాను. ఆదివారం పాఠాలు వేయడం మానేశాక ఈ ప్లానర్లో ముందురోజే రాసింది అదొక్కటే.