ఆరో అమ్మ

దసరాల్లో మూలా నక్షత్రం నాడు మా ఇంట్లో పుస్తకాలన్నీ దేవుడి దగ్గరే ఉండేవి. నా లెక్కల పుస్తకం, తాతయ్య పంచాంగం, అన్నిటి మీదా అమ్మమ్మ ఎర్రసిరా పెన్ను. రిటైరయ్యాక కూడా ఏటా దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. మున్సిపల్ స్కూల్లో చిన్న తరగతులకి చెప్పిన పంతులమ్మ ఆవిడ. ఆ సాయంత్రం పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని పోతనగారి పద్యం చెప్పించేది.

అమ్మలఁ గన్నయమ్మ, ముగురమ్మల మూలపుటమ్మ, చాలఁ బె
ద్దమ్మ, సురారులమ్మ కడుపాఱడి పుచ్చినయమ్మ, తన్ను లో
నమ్మిన వేల్పుటమ్మల మనమ్ముల నుండెడియమ్మ, దుర్గ, మా
యమ్మ, కృపాబ్ధి యిచ్చుత మహత్త్వ కవిత్వ పటుత్వ సంపదల్.

‘అమ్మలఁ గన్నయమ్మ’ అంటే మా అమ్మని కన్న అమ్మమ్మే అనుకునేదాన్ని. ఇప్పటికీ ఆ మాట దగ్గర ఆవిడ ముఖమే కనిపిస్తుంది.

పద్యం నోటికి వచ్చాక పరీక్ష పెట్టేది. “ఇందులో అమ్మ ఎన్నిసార్లుందో చెప్పండి.” వేళ్ళు మడిచి 12 అనేవాళ్ళం. “నమ్మిన, మనమ్ముల... ఆ రెండూ చెవికి అమ్మలా వినిపిస్తాయిరా, అమ్మలు కావు. తీసేయండి.” మిగిలినవి 10. తర్వాత ఒక్కో అమ్మ ఎవరో చెప్పించేది. ముగురమ్మలంటే లక్ష్మి, సరస్వతి, పార్వతి. ఇలా వరసగా వచ్చి ఆరో అమ్మ దగ్గర నేను ఆగిపోయేదాన్ని. సురారులంటే దేవతల శత్రువులు, రాక్షసులు. వాళ్ళ తల్లి దితి. ఆవిడకి కడుపుకోత మిగిల్చింది దుర్గమ్మ.

“రాక్షసులకీ అమ్మ ఉంటుందా?”

“ఉండదుటే? పోతన ఆవిణ్ణీ అమ్మ అనే అన్నాడు చూడు.”

ఆ మాట అనేటప్పుడు అమ్మమ్మ గొంతు తగ్గిపోయేది. ఎందుకో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, బలపాలు దొంగిలించాడని మూడో తరగతి పిల్లాణ్ణి స్కేలుతో కొట్టిందట. చీకటి పడే వేళకి వాడి తల్లి విజయవాడ వన్‌టౌన్‌లో మా ఇంటి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. తగువుకి రాలేదు. “చెయ్యి వాచిందండీ టీచరుగారూ. రేపు రాయలేడేమో, ఏమీ అనకండి” అని చెప్పి వెళ్ళిపోయింది. అమ్మమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తర్వాత ఏ పిల్లాడి మీదా చెయ్యెత్తలేదు. పద్యంలో మహిషుడి పేరు లేదు, త్రిశూలం లేదు. దుర్గమ్మ చంపిన రాక్షసుణ్ణి వదిలేసి, ఇంట్లో కూర్చున్న వాడి తల్లిని తలుచుకున్నాడు పోతన. అమ్మమ్మకి ఆ పద్యం మీద అంత భక్తి ఎందుకో నాకు అక్కడ అర్థమైంది.

ఏటా మూలా నక్షత్రానికి ఆవిడా నేనూ కొండెక్కేవాళ్ళం. ఆ రోజు ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ తెల్లచీరలో, చేతిలో వీణతో సరస్వతీదేవిగా ఉంటుంది. కింద వినాయకుడి గుడి దగ్గర్నుంచే క్యూ. జేబుల్లో పెన్నులు పెట్టుకుని పిల్లలు, వాళ్ళ చెయ్యి వదలకుండా తల్లులు. క్యూ కదలనప్పుడల్లా అమ్మమ్మ పక్కన నిలబడ్డ పిల్లల్ని ఏ తరగతో అడిగి, ఒక్కొక్క మాటే విడదీసి పద్యం చెప్పించేది. బడి ఉద్యోగం వదిలిపెట్టిందని అప్పుడు చూసినవాళ్ళెవరూ అనుకోరు. ఇంతా నిలబడితే అమ్మవారి ఎదుట దొరికేది రెండు మూడు క్షణాలే. “జరగండమ్మా, జరగండి” అంటూనే ఉంటారు. అందుకని పద్యం అక్కడ మొదలుపెట్టి, మిగతాది కిందికి దిగుతూ పూర్తిచేసేది.

ఆవిడ పోయాక మొదటి దసరాకి కొండకి వెళ్ళబుద్ధి కాలేదు. ఈ ఏడు వెళ్ళాను. ఎర్రసిరా పెన్ను చీర కొంగున ముడివేసుకుని, గర్భాలయం ముందుకి రాగానే పద్యం అందుకున్నాను. ‘సురారులమ్మ’ దాకా వచ్చేసరికి వెనక నుంచి తోసేశారు. మహామండపం మెట్ల మీద గోడవారగా ఆగి, “కడుపాఱడి” అన్నాను. బండి ఱ దగ్గర నా గొంతూ తగ్గిపోయింది.