గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నారు – నా అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి దగ్గరే ఉండి పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాను. వైశాఖ ముహూర్తాల పని మీదపడిన వేసవిలో, టైమ్‌లైన్ నడుస్తుండగానే మానిటర్ నల్లబడిపోవడం, ఆ వెంటనే, తెరకు బొమ్మను పంపే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు హోరుమంటూ పూర్తి వేగంతో తిరగడం మొదలైంది. స్పీకర్లలో నాదస్వరం మాత్రం కాసేపు ఆగకుండా వినిపించేది. అంటే కంప్యూటర్ నడుస్తూనే ఉంది, కార్డు ఒక్కటే తప్పుకుంటోంది.

గవర్నర్‌పేటలో ఒక దుకాణంవారు పెట్టె తెరవకుండానే, కార్డు పోయింది, కొత్తది వేసుకోవాలని తేల్చేశారు. నాది ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు. అంత ఖరీదైన భాగాన్ని పరీక్షించకుండా పారేయమనడం న్యాయం కాదనిపించి, నేనే వెతకడం మొదలుపెట్టాను.

ముందుగా కార్డు తీసేసి, మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు తగిలించాను. ప్రాసెసర్‌లోని సొంత గ్రాఫిక్స్‌తో కంప్యూటర్ నిలకడగా పనిచేయడంతో బోర్డు, మెమరీల మీద అనుమానం చాలావరకు తీరింది. తెర పోయి తిరిగి వచ్చిన సందర్భాల్లో విండోస్‌లో లోపాలను నమోదుచేసే ఈవెంట్ వ్యూయర్ 4101 అనే సంఖ్యను చూపేది. కార్డు 2 సెకన్లలోగా బదులివ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, మళ్లీ మొదలుపెట్టినప్పుడు నమోదయ్యే సంఖ్య అది. అందుకని నెట్ తీసేసి, విండోస్‌ను కనీస భాగాలతో మాత్రమే నడిపే సేఫ్ మోడ్‌లో, డ్రైవర్లను తొలగించే డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి కొత్తది వేశాను. ఫలితం లేదు. బెజవాడ ఎండలే కారణమని ఇంట్లో అందరూ అన్నారు గానీ, కార్డు వేడిని చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో వేడి 75 డిగ్రీలు దాటలేదు. ఈ కార్డుకు ఎన్విడియా చెప్పిన గరిష్ఠ పరిమితి 93 డిగ్రీలు.

దారి చూపింది ఆఫ్టర్‌బర్నర్ అనే, కార్డు సెట్టింగులు మార్చే ప్రోగ్రామ్. అందులో పవర్ లిమిట్‌ను (కార్డు వాడుకోగల కరెంటు పరిమితిని) 70 శాతానికి తగ్గించగానే తెర పోవడం ఆగిపోయింది. కార్డు పూర్తి కరెంటు అడిగినప్పుడే పడిపోతోందంటే, ఆ కరెంటు వచ్చే దారిని చూడాలి. ఈ కార్డు 170 వాట్ల దాకా తీసుకుంటుంది; కార్డును గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ ఇవ్వగలిగింది 75 వాట్లే కనుక, మిగిలిన భారమంతా కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 8 పిన్నుల కేబుల్ మీదే పడుతుంది. ఆ కేబుల్ ఊడదీసి టార్చి వేసి చూస్తే, ఒక రంధ్రం చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ మాడిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగింది. లోపలి లోహపు గొట్టం విచ్చుకుని, పిన్నును గట్టిగా పట్టుకోవడం లేదు. కార్డు వైపు పిన్నులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

ఇలాంటప్పుడు వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ తెచ్చి తగిలించడం చాలా ప్రమాదం. చూడటానికి ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీని బట్టి మారవచ్చు. తేడా వస్తే కార్డు నిజంగానే కాలిపోతుంది. అందుకే కేబుళ్లతో సహా 650 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయించాను; ఈ కార్డుకు ఎన్విడియా సూచించేది 550 వాట్లు. పవర్ లిమిట్‌ను తిరిగి 100 శాతానికి పెట్టి, ఆగిపోయిన పెళ్లి వీడియోలన్నీ అదే కార్డు మీద రెండర్ చేసి ఇచ్చేశాను.