సిరిని నేను ఎక్కడ పోగొట్టుకున్నాను

ముందే చెప్పేస్తున్నాను. ‘ది విచర్ 3’, ‘అండర్‌టేల్’ అనే వీడియో గేమ్‌లు ఇంకా ఆడనివాళ్లు ఇది ఇప్పుడు చదవకండి. వాటి ముగింపులు, మలుపులు ఇందులో ఉన్నాయి.

నా మొదటి విచర్ 3 ఇలా ముగిసింది. మనం ఆడే హీరో, రాక్షసులను వేటాడే తెల్లజుట్టు గెరాల్ట్ ఒంటరిగా చిత్తడి అడవిలోకి వెళ్లి, మిగిలిన చివరి మంత్రగత్తెను చంపి, ఆమె ఎత్తుకుపోయిన తోడేలు తల పతకాన్ని వెనక్కి తీసుకుంటాడు. అది సిరి దగ్గర ఉండాల్సిన పతకం. దాన్ని చేతిలో పట్టుకుని గుడిసెలో కూలబడతాడు. బయట రాక్షసులు చుట్టుముడుతుంటాయి. అతను లేవడు. గేమ్ అయిపోయింది.

గెరాల్ట్ సొంత కూతురిలా పెంచుకున్న పిల్ల సిరి. గేమంతా ఆమెను వెతకడమే. దొరికాక కాపాడుకోవడమే. రెండు నెలలపాటు రోజూ రాత్రిళ్లు ఆడి చివరికి ఆమెనే పోగొట్టుకున్నాను. ఎందుకో అర్థం కాలేదు. ఎక్కడా అడ్డదారి తొక్కలేదు, ప్రతి ఛాయిస్ దగ్గరా ఆగి ఆలోచించే నొక్కాను.

నాకు అలా ఆగి ఆలోచించడం నేర్పింది ఈ గేమే. మొదట్లో వచ్చే బ్లడీ బారన్ అనే కోట పెద్ద కథలో ఒక గుట్ట కింద బందీగా ఉన్న ఆత్మను వదిలేయాలా, చంపాలా అని అడుగుతుంది. వదిలేస్తే అనాథ పిల్లలు బతుకుతారు. కానీ పక్క ఊరు నాశనమవుతుంది, బారన్ భార్య చనిపోతుంది, ఆయన ఉరేసుకుంటాడు. చంపేస్తే పిల్లలు దక్కరు. భార్యకు మతి చెడుతుంది, అయినా బతికే ఉంటుంది. ఆయన ఆమెను వైద్యానికి తీసుకెళ్తాడు. నేను పిల్లల కోసం వదిలేశాను. కోట ముంగిట చెట్టుకు వేలాడుతున్న బారన్‌ను చూసిన రోజు నుంచి ప్రతి పెద్ద ప్రశ్న దగ్గరా టెన్షనే. సిరి విషయంలోనూ అలాంటి పెద్ద ప్రశ్న ఒకటి వస్తుందని, అప్పుడు జాగ్రత్తగా ఉండాలని కాచుకుని కూర్చున్నాను. అది రానేలేదు.

పక్కన కూర్చుని చూస్తున్న మా చెల్లి అంది: “నువ్వు తననేదీ చేయనివ్వలేదు కదా అన్నయ్యా.”

ఆ మాట పట్టుకుని వెతికితే తెలిసింది. సిరి బతుకుతుందా లేదా అన్నది మూడో అంకంలో చెల్లాచెదురుగా ఉన్న కొన్ని చిన్న సందర్భాలు తేలుస్తాయి. గెరాల్ట్ గురువు వెసెమిర్ చనిపోయాక సిరి కుంగిపోయి కూర్చుని ఉంటుంది. అప్పుడు రెండు ఆప్షన్లు. ‘అన్నీ నీకే చేతకావాలని లేదులే’ అన్న అర్థంలో ఒకటి, ‘నీ మనసు తేలికయ్యే పని నాకు తెలుసు’ అన్న అర్థంలో ఇంకోటి. మొదటిది నొక్కితే ఇద్దరూ కూర్చుని తాగుతారు. రెండోది నొక్కితే బయటికెళ్లి మంచు ముద్దలతో కొట్టుకుంటారు. నేను మొదటిది నొక్కాను, ఓదార్పు మాటే కదా అని. తర్వాత మాంత్రికురాళ్ల మండలిని కలవడానికి ఆమె వెళ్తుంటే, ఒక్కదాన్నే పంపడమెందుకని వెంట వెళ్లాను. అవల్లాక్ అనే ఎల్ఫ్ మాంత్రికుడి ప్రయోగశాలలో, తనను ఒక వస్తువులా చూశాడని తెలిసి అంతా పగలగొట్టాలని ఆమె ఊగిపోతుంటే, శాంతించమన్నాను. స్కెలిగె దీవుల్లో స్క్యాల్ అనే కుర్రాడి సమాధి దగ్గరికి వెళ్దామంటే, ఇప్పుడు టైం లేదన్నాను. యుద్ధం ముంచుకొస్తోంది, నిజంగానే టైం లేదనిపించింది.

నాలుగూ తప్పే.

నన్ను పట్టి కుదిపింది ఇదే. ఆ నాలుగు జవాబుల్లో ఒక్కటీ చెడ్డది కాదు. అన్నీ ప్రేమతో చెప్పినవే. ‘బయోషాక్’ ఆడినప్పుడు చేస్తున్నదేమిటో నాకు స్పష్టంగా తెలుసు. అందులో ఎదురయ్యే చిన్నపిల్లను కాపాడితే చేతికి 80 ఆడమ్ (శక్తులు కొనుక్కునే పదార్థం), బలి తీసుకుంటే 160. మంచివాడిగా ఉండటానికి ధర అక్కడే కనబడుతుంది, కట్టడమా మానడమా అన్నదే ప్రశ్న. ‘మాస్ ఎఫెక్ట్’లోనైతే మంచితనానికి నీలం, కరకుదనానికి ఎరుపు. విచర్‌లో రంగులేమీ లేవు. లోకాన్ని కబళించే వైట్ ఫ్రాస్ట్‌ను ఆపడానికి సిరి చివర్లో ఒక్కతే వెళ్తున్నప్పుడు ఈ చిన్న సందర్భాలే ఆమెకు గుర్తొస్తాయి, తెరమీద కనిపిస్తాయి కూడా. నువ్వు చేయగలవు అని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ క్షణానికి ఆమె దగ్గర నేనిచ్చిన ధైర్యం ఏమీ లేదు.

వెంటనే పాత సేవ్ లోడ్ చేసి నాలుగూ సరిచేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. మధ్యలో మనసు మళ్లించుకోవడానికి ‘అండర్‌టేల్’ మొదలుపెట్టాను. అది కూడా విచర్ 3 లాగే 2015లోనే వచ్చింది, టోబీ ఫాక్స్ చేసిన చిన్న గేమ్. తొలి గంటలోనే టోరియల్ అనే అమ్మలాంటి ప్రాణి మనల్ని ఆదరిస్తుంది. బయట ప్రమాదమని వెళ్లకుండా దారికి అడ్డం నిలబడుతుంది. మాటలతో పని కాలేదు, జాలి చూపినా కదల్లేదు, కొట్టడం తప్ప దారి లేదనుకుని కొట్టాను. చనిపోయింది. గిలగిల్లాడిపోయి సేవ్ లోడ్ చేసి, ఈసారి ఎన్ని దెబ్బలు తగిలినా ఓపిగ్గా వదిలేస్తూ వదిలేస్తూ వచ్చాను. దారిచ్చింది. హమ్మయ్య అనుకుంటూ ముందుకెళ్తే అక్కడ ఫ్లవీ అనే పువ్వు కాచుకుని ఉంది. నువ్వు ఆమెను చంపావని, తర్వాత బాధపడి వెనక్కి వచ్చావని నాకు తెలుసు అంటుంది. వెన్నులో చలి పుట్టింది. ఆ గేమ్‌లో అందరినీ చంపుకుంటూ పోయి ఆ దారిని చివరిదాకా ముగిస్తే, ఆ తర్వాత ఎంత మంచిగా ఆడినా మంచి ముగింపు మీద ఆ మచ్చ ఉండిపోతుంది.

అప్పటిదాకా సేవ్ ఫైల్ అంటే నాకు రబ్బరు లాంటిది. ఇష్టం లేనిదాన్ని తుడిచేసుకోవచ్చు. ఆ రోజుతో ఆ అలవాటు పోయింది. విచర్‌ను మళ్లీ మొదటినుంచి ఆడాలని, ఛాయిస్ నొక్కాక లోడ్ చేయకూడదని నిర్ణయించుకున్నాను.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. సిరి విషయంలో ఏ జవాబుకు ఏ ఫలితమో నాకు ముందే తెలుసు. తెలిసి నొక్కితే అది మంచితనం ఎలా అవుతుంది? పరీక్ష పేపర్ ముందే చూసి రాసినట్టు కాదా? ఈ విషయంలో ‘సైలెంట్ హిల్ 2’ (2001) పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. అది అసలు అడగనే అడగదు. గాయపడినప్పుడు వెంటనే మందు వేసుకుంటున్నామా లేదా, ఒక కత్తిని మళ్లీ మళ్లీ తీసి చూస్తున్నామా, చనిపోయిన భార్య ఫొటోను చూస్తున్నామా అన్నవి గమనిస్తూ, మనిషికి బతకాలని ఉందో లేదో లెక్కకట్టి ముగింపు ఇస్తుంది. ప్రశ్న లేని చోట జవాబు బట్టీ పట్టలేం.

అయినా ఆడాను. వెసెమిర్ చనిపోయే కోట కేర్ మోర్హెన్ దగ్గరికి వచ్చేసరికి జవాబు తెలిసే ఉంది, కానీ ఈసారి ఆప్షన్లు రాకముందు సిరి ఏమంటోందో విన్నాను. మొదటిసారి ఆ మాటలు చెవిన పడ్డాయిగానీ మనసుకెక్కలేదు. ఓడిపోయానని కుమిలిపోతున్న పిల్లతో ‘అన్నీ చేతకావాలని లేదులే’ అంటే, చేతకాలేదని ఒప్పుకున్నట్టే కదా. జవాబు మా చెల్లి మాటలోనే కాదు, సన్నివేశంలోనూ ముందునుంచే ఉంది. ప్రయోగశాలలో ఈసారి కానివ్వమన్నాను, ఇద్దరం కలిసి పగలగొట్టాం. సమాధి దగ్గరికి వెళ్లాం. సిరికి ఆశ్రయమిచ్చిన ఆ కుర్రాడిని పిరికివాడని ముద్రవేసి, ఊరివాళ్లు మర్యాదగా దహనం కూడా చేయలేదు. ఆమె అక్కడ నిలబడి రెండు మాటలు చెప్పుకుంది. గెరాల్ట్ చేసిందేమీ లేదు, వెంట ఉన్నాడంతే. ఆ సీన్‌లో పాయింట్లు, ముగింపులు ఏవీ గుర్తురాలేదు నాకు.

సిరి బతికింది. గెరాల్ట్ ఆమె కన్నతండ్రి అయిన చక్రవర్తికి ఆమె చనిపోయిందని అబద్ధం చెప్పి, వైట్ ఆర్చర్డ్ అనే ఊళ్లో కమ్మరి దగ్గర కత్తి తీసుకుని, సత్రంలో ఎదురుచూస్తున్న ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సామ్రాజ్ఞి అయ్యే ముగింపు ఇంకోటి ఉంది. దాని కోసం ఆమెను తండ్రి దగ్గరికి తీసుకెళ్లాలి, యుద్ధంలో ఆయన సామ్రాజ్యం నీల్ఫ్‌గార్డ్ గెలవాలి. అది నేను ఇంకా ఆడలేదు.

పోయిన వారం మా చెల్లి తన సొంత సేవ్‌లో కేర్ మోర్హెన్ చేరింది. అన్నీ పక్కనుండి చూసిందిగానీ ఏ ఆప్షన్‌కు ఏమవుతుందో తనకు గుర్తులేదు. సిరి తలవంచుకుని కూర్చుంది, తెరమీద రెండు వాక్యాలు వచ్చాయి. చెల్లి నావైపు తిరిగి, “ఏది నొక్కమంటావ్ అన్నయ్యా?” అంది. నీ ఇష్టం అన్నాను. చాలాసేపు ఆలోచించి మొదటిదే నొక్కింది. గెరాల్ట్, సిరి తాగుతూ కూర్చున్నారు. నేనేమీ మాట్లాడకుండా పక్కనే కూర్చుని చూశాను.