గుల్మార్గ్‌లో బస వెతకడం: పిల్లాపాపలతో మొదటిసారి స్కీయింగ్‌కి

బెంగళూరులో కూర్చుని మంచుకొండ మీద గది బుక్ చేసేటప్పుడు అసలు అడగాల్సిన ప్రశ్నలు తట్టవు. ఏసీ ఉందా, పార్కింగ్ ఉందా, టిఫిన్ కలిపే ఇస్తారా అన్న దగ్గరే ఆగిపోతాం. జనవరి రాత్రి మైనస్ 8, మైనస్ 10 దాకా దిగే ఊళ్లో వాటితో పని లేదు. ఇంట్లో చిన్నవాళ్లు, పెద్దవాళ్లు ఉండి అందరికీ స్కీయింగ్ కొత్తయితే నేను చూసేవి రెండు విషయాలు. కరెంటు పోయిన రాత్రి గది వెచ్చగా ఉంటుందా? పొద్దున్నే పిల్లలు నేర్చుకునే వాలు దాకా ఎవరూ ఏడవకుండా చేరగలమా? కొండ కనిపించే కిటికీ, బాల్కనీ, ఫొటోలో మంచం మీద పరిచిన గులాబీ రేకులు ఆ తర్వాతే.

ముందు ఊరు తేల్చుకోవాలి. మన బోటి కుటుంబాలకు దేశంలో అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా మూడు: ఉత్తరాఖండ్‌లో ఔలి, హిమాచల్‌లో సోలంగ్, కశ్మీర్‌లో గుల్మార్గ్. ఔలికి డెహ్రాడూన్‌లో విమానం దిగాక జోషీమఠ్ దాకా పగలంతా కొండమలుపులే, పిల్లలకు వాంతులు తప్పవు. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వేని ఆపేశారు కూడా. సోలంగ్ అయితే చాలామంది మనాలిలో దిగి రోజూ 13 కిలోమీటర్లు పోయి వస్తారు. మంచు పడిన శనాదివారాల్లో ఆ దారిలో ట్రాఫిక్ మన సిల్క్ బోర్డు జంక్షన్‌కి తీసిపోదు. గుల్మార్గ్‌లో బస, వాలు, స్కీలు అద్దెకిచ్చే దుకాణం మూడూ ఒకే మైదానం చుట్టూ ఉంటాయి. శ్రీనగర్ నుంచి దూరం సుమారు 50 కిలోమీటర్లే. మొదటిసారికి నా ఓటు దానికే.

తేదీల దగ్గర మన స్కూళ్ల సెలవులు, అక్కడి మంచు ఒకదానికొకటి కుదరవు. క్రిస్మస్ సెలవులకు అందరూ వెళ్తారు కానీ డిసెంబరు మంచుని నమ్మలేం. చిల్లయ్ కలాన్ అనే 40 రోజుల గట్టి చలి డిసెంబరు 21న మొదలవుతుంది, అయినా చలి ఉన్నంత మాత్రాన మంచు పడుతుందని లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానం మంచు లేక గోధుమరంగులో కనిపించింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. నా లెక్కన జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మేలు. మార్చిలో వార్షిక పరీక్షలయ్యాక వెళ్తే మధ్యాహ్నానికి మంచు మెత్తబడి బురదలా అవుతుంది, పొద్దుటి పూటే నేర్చుకోవాలి. తేదీ ఏదైనా గది మాత్రం డబ్బు వెనక్కి వచ్చే షరతుతోనే తీసుకోండి. 'మంచు పడలేదు' అంటే ఏ హోటలూ పైసా తిరిగివ్వదు. వారం ముందు దాకా రద్దు చేసుకునే వీలున్న గదికి కొంచెం ఎక్కువైనా ఇవ్వచ్చు.

ఇక గుల్మార్గ్‌లో ఏ మూల? అందరూ గండోలా (కొండపైకి వెళ్లే కేబుల్ కారు) పక్కనే గది కావాలంటారు. గండోలా మొదటి దశ సుమారు 2,650 మీటర్ల దగ్గర బయల్దేరి కొంగ్డోరి దాకా, రెండో దశ సుమారు 3,950 మీటర్ల ఎత్తున్న అఫర్వత్ కొండ భుజం దాకా తీసుకెళ్తుంది. ఆ పైన ఉన్నది ఆరితేరినవాళ్లకు. స్కీలు కొత్తగా తొడిగినవాళ్లు నేర్చుకునేది కింద మైదానం అంచున, చిన్న వాలుల మీద. అందుకే నేను వరస తిప్పేస్తాను. ముందు నేర్పేవాళ్లతో మాట్లాడి పిల్లలకు ఎక్కడ నేర్పుతారో అడుగుతాను, ఆ చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకుంటాను, తర్వాతే దాని చుట్టూ గది వెతుకుతాను.

స్కీ బూట్లతో నడక మామూలు నడక కాదు. ప్లాస్టిక్ డొప్ప, చీలమండ వంగదు, జత మూడు నాలుగు కిలోలు ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల వాటితో రెండొందల మీటర్లు నడిస్తే ఆ రోజు స్కీయింగ్ మీద మనసు అక్కడే విరిగిపోతుంది. దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. వాలు పక్కనున్న అద్దె దుకాణంలోనే సాయంత్రం బూట్లు, స్కీలు వదిలేసి పొద్దున అక్కడే తొడుక్కోవడం. రాత్రి సామాను ఉంచుకుంటారా అని దుకాణంవాళ్లను ముందే అడగండి. సరేనంటే మామూలు మంచుబూట్లతో అరకిలోమీటరు నడక పెద్ద లెక్క కాదు, గది వెతికే పరిధి పెరుగుతుంది, అద్దె తగ్గుతుంది. కాదంటే గదిలోనో హోటల్ కిందో బూట్లు ఆరబెట్టే చోటు ఉండాలి. లోపలి మెత్తటి తొడుగు చెమటతో తడుస్తుంది, రాత్రికి ఆరకపోతే పొద్దున కాలు పెట్టగానే గడ్డకట్టినట్టుంటుంది. తొడుగు బయటికి లాగి కాగితాలు కుక్కి హీటరుకి మూరెడు దూరంలో పెట్టాలి. పొయ్యికి ఆనించి పెడితే డొప్ప వంకరపోతుంది, దాని ఖరీదు మన మీద పడుతుంది.

మ్యాప్ దగ్గర ఒక జాగ్రత్త. పేరులో 'గుల్మార్గ్' ఉన్న బసలు కొన్ని నిజానికి టంగ్‌మార్గ్‌లో ఉంటాయి, అంటే 13 కిలోమీటర్ల కింద. అద్దె చవకగా కనిపించేది అందుకే. మంచు పడితే టంగ్‌మార్గ్ నుంచి పైకి టైర్లకు గొలుసులు కట్టిన బండ్లనో ఫోర్ బై ఫోర్‌లనో తప్ప వదలరు. శ్రీనగర్ నుంచి తెచ్చుకున్న కారు అక్కడ ఆపి బండి మారాలి. రోజూ ఆ కిరాయి, ఆ బేరం, ఆ నిరీక్షణ కలుపుకుంటే చవక గది చవక కాదు. కాబట్టి చిరునామా చదివి ఊరుకోకుండా లొకేషన్ పిన్ పంపమని అడిగి, ఘాట్ రోడ్డుకి పైన ఉందా కింద ఉందా చూడాలి. అలాగే గొలుసుల బండి గేటు దాకా వస్తుందా అని అడగాలి. కొన్ని హట్‌లు రోడ్డుకి ఎగువన ఉంటాయి. నడుంలోతు మంచులో పెట్టెలు స్లెడ్జి మీద లాగించుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారిని ఆ మెట్లు ఎక్కించడం ఎలాగన్నది అక్కడికి వెళ్లాక ఆలోచించే విషయం కాదు.

వెచ్చదనం విషయంలో తొందరపడకూడదు. 'హీటింగ్ ఉంది' అన్న మాటకి నాలుగైదు అర్థాలు ఉన్నాయి. ఫోన్‌లో సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది.

"సెంట్రల్ హీటింగ్ ఉంది సార్."
"ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వేస్తారు?"
"సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు."
"మరి తెల్లవారుజామున నాలుగింటికి?"
"రజాయిలు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాం సార్."

అంటే తెల్లవార్లూ లేదన్నమాట. డీజిల్ బాయిలర్‌తో వేడినీళ్లు గొట్టాల్లో తిప్పే సెంట్రల్ హీటింగ్ అన్నిటికన్నా మంచిది. దానికి కరెంటు కావలసింది ముఖ్యంగా నీళ్లు తిప్పే పంపుకీ బర్నర్‌కే, అది జనరేటర్ సులువుగా మోస్తుంది. గదికొక ఎలక్ట్రిక్ హీటరు అయితే కథ వేరు. ఒక్కోటి 2 కిలోవాట్లు లాగుతుంది. పది గదులంటే 20 కిలోవాట్లు. 15 కేవీఏ జనరేటర్ ఇచ్చేది మహా అయితే 12 కిలోవాట్లు. అందుకే కరెంటు పోగానే హీటర్ల లైను తీసేసి లైట్లు మాత్రం వెలిగిస్తారు. మంచు తుఫానులో కరెంటు గంటలు గంటలు పోవడం అక్కడ మామూలే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న జనరేటర్ ఉందా అని కాదు, జనరేటర్ మీద గది హీటరు, గీజరు నడుస్తాయా అని. జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. పరుపు మీద వేసే ఎలక్ట్రిక్ దుప్పటి బాగుంటుంది కానీ అదీ కరెంటు ఉన్నంతసేపే.

బుఖారీ అంటే రేకు పొయ్యి, కట్టెలో బొగ్గో వేస్తారు, పొగగొట్టం బయటికి వెళ్తుంది. కరెంటుతో పని లేదు. కట్టెలు వేసి వదిలేస్తే రెండు మూడు గంటల్లో చల్లారిపోతుంది, రాత్రి మళ్లీ ఎవరు వేస్తారో, కట్టెల డబ్బు విడిగానా కలిపేనా అన్నది ముందే మాట్లాడుకోవాలి.

గదిలో పెట్టే గ్యాస్ హీటర్లకు మాత్రం నేను ఒప్పుకోను. పొగగొట్టం ఉండదు. చలికి తలుపులు, కిటికీలు బిగించేస్తాం. కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన రాదు. కశ్మీర్‌లో చలికాలంలో ఇలా నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉన్నా ఇదే ప్రమాదం. బుఖారీ గొట్టం మంచుతో మూసుకుపోయినా అంతే. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బెంగళూరులోనే కొని పెట్టెలో వేసుకోండి. పెట్టె మీద ఈఎన్ 50291 ప్రమాణం రాసి ఉన్నది చూసుకోవాలి. ఆ ఎత్తులో మొదటి రోజు కొద్దిగా తలనొప్పి రావడం మామూలే, తికమక అక్కడే. గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తల పట్టేసినట్టు, కడుపులో తిప్పినట్టు ఉండి, బయటికి వస్తే తగ్గుతుంటే అది ఎత్తు వల్ల కాదు, పొయ్యి వల్ల. వెంటనే అందరూ బయటికి రావాలి, గది మార్పించాలి, తగ్గినట్టనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

నీళ్ల లెక్క కూడా ఇక్కడి లెక్క కాదు. బెంగళూరు కుళాయి నీళ్లు 22 డిగ్రీలు అనుకుంటే 2 కిలోవాట్ల, 25 లీటర్ల గీజరు వాటిని 45కి తేవడానికి 20 నిమిషాలు చాలు. అక్కడ నీళ్లు 3 డిగ్రీల్లో వస్తాయి, అదే పనికి 37 నిమిషాలు. పైగా కలిపే చన్నీళ్లూ మంచులాంటివే కాబట్టి వేడినీళ్లు ఎక్కువ ఖర్చవుతాయి. నలుగురికి ఒక గీజరంటే చివరివాళ్ల స్నానం పదింటికి. అందరూ పొద్దున్నే కాకుండా ఇద్దరు సాయంత్రం స్కీయింగ్ నుంచి రాగానే కానిచ్చేస్తే సరి. గొట్టాలు గడ్డకట్టకుండా రాత్రి కుళాయి సన్నగా కారనివ్వమంటారు. నీళ్లు వృథా అని మనవాళ్లు కట్టేస్తారు, కట్టేయకండి.

వంటింటి విషయం మనవాళ్లకు ముఖ్యమే. కిచెన్ ఉన్న కాటేజీ తీసుకుని పప్పు, అన్నం చేసుకుందాం అనుకుంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2,650 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 91 డిగ్రీలకే మరుగుతాయి, మూత గిన్నెలో కందిపప్పు మెత్తబడడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో అడగండి, లేకపోతే మూడు లీటర్లది పట్టుకెళ్లండి. సిలిండరు బయట మంచులో ఉంటే గ్యాస్ మంట సన్నబడుతుంది, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. గదిలో సొంత ఇండక్షన్ స్టవ్ పెడితే ఫ్యూజు పోతుంది, గొడవ. నా ఉద్దేశంలో మొదటిసారికి వంట పెట్టుకోకుండా హోటల్ వాళ్ల ఎంఏపీ ప్లాను మేలు, అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం. చీకటి పడ్డాక మైనస్‌లో పిల్లల్ని వేసుకుని హోటళ్లు వెతకడం ఎవరి వల్లా కాదు. శాకాహారులైతే వంటగది వేరా, గరిటెలు వేరా అన్నది మొహమాటం లేకుండా ముందే అడగండి. పెరుగు ఆ చలికి తోడుకోదు, ఉంటే అదృష్టం. పొడులు, ఆవకాయ ఎలాగూ మన వెంటే.

గదుల ఎంపికలో ఎక్స్‌ట్రా బెడ్ అంటే చాలాచోట్ల నేల మీద పరుపే. చెక్క నేల కింద హీటింగ్ లేకపోతే అందులో పడుకున్నవాళ్లకు జలుబు రాసిపెట్టినట్టే. నలుగురికి పెద్ద సూట్ కన్నా తలుపుతో కలిసిన రెండు గదులు నయం, ఒకదాంట్లో హీటరు మొరాయిస్తే రెండోదాంట్లో సర్దుకోవచ్చు. పన్నులోనూ తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. ఆరేసి వేల గదులు రెండు తీసుకుంటే పన్ను 600, పన్నెండు వేల సూట్‌కి 2,160. చెప్పిన ధరలో పన్ను కలిసిందో లేదో అడగడం మరవకండి. వీలుంటే ఎండ పడే దక్షిణం వైపు, మొదటి అంతస్తు అడగండి. కింది అంతస్తు కిటికీలు మంచుకి మూసుకుపోతాయి. రేకు కప్పు చూరు కింద పిల్లల్ని ఆడనివ్వద్దు, ఎండ రాగానే పైనున్న మంచు ఒక్కసారిగా జారిపడుతుంది.

రివ్యూల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాసినవే చదువుతాను. మే నెలలో వెళ్లి 'స్వర్గంలా ఉంది' అని రాసినవాళ్ల మాట మనకెందుకు? జనరేటర్, వేడినీళ్లు, హీటరు అనే మాటలు పెట్టి వెతికితే పది నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. జమ్మూ కశ్మీర్ పర్యాటక అభివృద్ధి సంస్థ జేకేటీడీసీ వాళ్ల హట్‌లు కూడా చూడండి, సంస్థ అధికారిక సైట్‌లోనే బుక్ చేయాలి. ఎవరో ఏజెంటు వ్యక్తిగత ఖాతాకి మొత్తం డబ్బు వేయమంటే వదిలేయండి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా ఉండాలి. కరెంటు పోతే హోటల్ వైఫై కూడా పోతుంది, యూపీఐ ఆగిపోతుంది. అందుకని రెండు రోజులకు సరిపడా నగదు జేబులో ఉండాలి.

చివరి రాత్రి గుల్మార్గ్‌లో పెట్టుకోవద్దు. మంచు పడితే ఘాట్ రోడ్డు మూసేస్తారు, శ్రీనగర్ విమానాశ్రయంలోకి వెళ్లేటప్పుడు తనిఖీలు ఒకటికి రెండుసార్లు జరుగుతాయి. ముందురోజు మధ్యాహ్నమే దిగి శ్రీనగర్‌లో పడుకోండి. పొగమంచుకి విమానం రద్దయితే ఇంకో రాత్రి పొడిగించుకునే వీలు ఆ గదికి ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.