కాన్వీ వెళితే ముందు చర్చికి వెళ్లండి

ఉత్తర వేల్స్‌లోని కాన్వీలో రైలు దిగినవాళ్లు చాలామంది నేరుగా కోటకే పోతారు. నా మాట విని ముందు ఊరి నడుమనున్న సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లండి, ఎందుకంటే కోటా గోడా లేకముందే అది అక్కడుంది. వేల్స్‌వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే రాజు లివెలిన్‌ను 1240లో సమాధి చేసిన మఠం తాలూకు చర్చి అది. 1283లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఆ చోటు పట్టుకుని, సన్యాసులను నది ఎగువన మేనాన్‌కు పంపేసి, చర్చిని తాను తెచ్చి కాపురం పెట్టించిన ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. ఓడిన రాజ్యం గుండె మీదే కోట కట్టాడన్నమాట, అది తెలిశాక కోటను చూసే చూపే మారిపోతుంది.

కట్టించినది ఆల్ప్స్ కొండల దగ్గరి సవాయ్ నుంచి వచ్చిన మేస్త్రీ జేమ్స్. ఎనిమిది పెద్ద బురుజుల కోట, దాంతోపాటు 1.3 కిలోమీటర్ల ఊరి గోడ, అంతా 1287 నాటికి దాదాపు పూర్తి. ఇక్కడ ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులవి.

నాకు కోట కంటే గోడే ఎక్కువ నచ్చింది. పైన నడవొచ్చు, టికెట్ లేదు. బురుజులకు ఊరివైపు గోడ ఉండదు, వెనక తెరిచే ఉంటాయి, ఒక్కో బురుజు దగ్గర దారిని కలిపేవి అప్పట్లో తీసెయ్యగలిగే చెక్క వంతెనలే, అంటే శత్రువు ఎక్కడో ఒకచోట పైకెక్కినా ఆ చెక్కలు లాగేస్తే వాడు ఆ ముక్కలోనే ఇరుక్కుపోతాడు, ఎంత తెలివో చూడండి! ఒకచోట గోడ బయటికి వరసగా పన్నెండు మరుగుదొడ్లు పొడుచుకొచ్చి ఉంటాయి, రాళ్లు ఇంకా చెక్కుచెదరలేదు, పిల్లలతో వెళితే అవి చూపించండి.

ఇంత చేసినా కోట పోయింది. 1401 గుడ్ ఫ్రైడే రోజు కాపలా దళంలో ఎక్కువమంది ఆ చర్చిలోనే ప్రార్థనలో ఉండగా, పనికొచ్చిన వడ్రంగినని చెప్పి ఒకడు లోపలికి దూరాడు, వెనకాలే రీస్, గ్విలిమ్ అనే వేల్స్ అన్నదమ్ముల మనుషులు వచ్చి కోట పట్టేసుకున్నారు. ఆ అన్నదమ్ములది ట్యూడర్ వంశం. వాళ్ల సోదరుడి మునిమనవడే 1485లో ఇంగ్లండ్ గద్దెనెక్కిన ఏడో హెన్రీ.