ఎడారిలో విమానాలు, విశాఖ తాతయ్య

అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఉన్న టూసాన్‌లో పెరిగే పిల్లలకి యుద్ధవిమానాలు ఎక్కడో దూరాన ఉండే వస్తువులు కావు. డేవిస్-మాంథన్ వైమానిక స్థావరం ఊళ్ళోనే ఉంది. కోల్బ్ రోడ్డు మీద కారులో వెళ్తుంటే కంచె అవతల విమానాలు బారులు తీరి కనిపిస్తాయి. సుమారు 2,600 ఎకరాల స్థలం అది. అమెరికా సైన్యం పక్కనపెట్టిన విమానాల్లో చాలావరకు చివరికి చేరేది అక్కడికే. కాగితాల మీద దాని పేరు 309వ ఏరోస్పేస్ మెయింటెనెన్స్ అండ్ రీజెనరేషన్ గ్రూప్. ఊళ్ళో మాత్రం అందరూ బోన్‌యార్డ్, అంటే ఎముకల దిబ్బ, అనే అంటారు.

మా పెద్దవాడు ఆ విమానాల్ని చూస్తూనే పెరిగాడు. వాడి స్నేహితుల్లో కొందరి నాన్నలు ఆ స్థావరంలోనే పనిచేస్తారు. దాంతో వాడు బాంబులు వేసే బి-52ల గురించీ యుద్ధవిమానాలైన ఫాంటమ్‌ల గురించీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పినంత చనువుగా చెబుతాడు. వాడు ఇక్కడే పుట్టాడు, ఇది వాడి దేశం. ఆ చనువుని నేను ఎప్పుడూ కాదనలేదు. కానీ ఆ విమానాలు ఎక్కడెక్కడ ఏం చేసి వచ్చాయో కూడా వాడికి తెలియాలని నా పట్టుదల. ఆ పని నాకంటే బాగా చేసింది విశాఖ నుంచి వచ్చిన మా మామయ్యగారు.

ఆయన షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా ఉప్పుగాలితో, తుప్పుతో పోరాడిన మనిషి. కంచె పక్కన కారు ఆపగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్ని విమానాలు ఎండకీ వానకీ బయట పెట్టేశారు, తుప్పు పట్టవుట్రా?" అని. మావాడికి అంతకంటే ఏం కావాలి! ఇక్కడ గాలిలో తేమ తక్కువ, వానలు తక్కువ, నేల గట్టిగా ఉంటుంది కాబట్టి కాంక్రీటు పోయకుండానే విమానాల్ని నిలబెట్టొచ్చు అని మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక 1946లో బి-29 బాంబర్లనీ సి-47 రవాణా విమానాల్నీ దాచడానికి ఈ చోటు ఎంచుకున్నది అందుకేనట.

దాచే పద్ధతి వింటున్నప్పుడు మామయ్యగారి కళ్ళు మెరిశాయి. వచ్చిన విమానాన్ని ముందు శుభ్రంగా కడుగుతారు. సముద్రం మీద తిరిగొచ్చిన నౌకాదళం విమానాల విషయంలో ఇది మరీ ముఖ్యం. తుపాకులూ, పైలట్ సీటుని బయటికి ఎగరేసే పేలుడు గుళికలూ తీసేస్తారు. ఇంధనం ఖాళీ చేసి, పలుచని నూనె పోసి ఇంజన్ తిప్పి, మళ్ళీ వంపేస్తారు. లోపల గొట్టాలకి నూనె పొర మిగులుతుంది. తర్వాత కంతలన్నీ మూసి, పైన నల్ల పూత, దాని మీద తెల్ల పూత కొడతారు. తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది కాబట్టి లోపల వైర్లూ మీటర్లూ ఉడికిపోవు. "అంటే ఆవకాయ జాడీకి నూనె పోసి వాసెన కట్టడమే కదరా" అన్నారాయన. ఆవకాయ పెట్టడం ఎన్నడూ చూడని మావాడికి ఆ రోజు రాత్రి నానమ్మతో వీడియో కాల్‌లో పాఠం జరిగింది.

అక్కడికి చేరినవన్నీ చచ్చిపోయినట్టు కాదు. చాలావాటి నుంచి భాగాలు తీసి ఎగిరే విమానాలకి వాడతారు. కొన్ని మళ్ళీ లేస్తాయి కూడా. 'ఘోస్ట్ రైడర్' అనే బి-52 2008లో ఇక్కడికి వచ్చి, 2015లో మళ్ళీ గాలిలోకి లేచి వెళ్ళిపోయింది. కొన్నిటి కథ వేరు. 1991లో సోవియట్ యూనియన్‌తో అణ్వాయుధాలు తగ్గించుకోడానికి కుదిరిన స్టార్ట్ ఒప్పందం తర్వాత, క్రేనుకి కట్టిన దాదాపు 6 టన్నుల బ్లేడుని పైనుంచి వదిలి బి-52లని ముక్కలుగా నరికారు. ముక్కల్ని వెంటనే తీసెయ్యకుండా ఆరుబయటే ఉంచారు, రష్యా ఉపగ్రహాలు లెక్క చూసుకోవాలి కదా. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. రెండు శత్రుదేశాలు ఒకరి మాట ఒకరు నమ్మడానికి ఎంచుకున్న పద్ధతి అది. పిల్లలకి బాంబర్ ఎంత వేగంగా ఎగురుతుందో చెప్పే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు. ఇది కూడా ఎవరో ఒకరు చెప్పాలి. అదే బి-52లు వియత్నాం మీదా కంబోడియా మీదా ఏం కురిపించాయో కూడా చెప్పాలి. మా వీధిలోనే వియత్నాం నుంచి వచ్చిన కుటుంబం ఉంది, వాళ్ళ పిల్లలూ మా పిల్లలూ కలిసే ఆడుకుంటారు.

పక్కనే ఉన్న పీమా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఫాంటమ్ ముందు నిలబడి మావాడు ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, మామయ్యగారు కాసేపు విని, "ఇవి ఎంటర్‌ప్రైజ్ అనే అమెరికా విమానవాహక ఓడ మీద ఉండేవి కదూ?" అన్నారు.

"అవును తాతయ్యా! నీకెలా తెలుసు?"

"1971 డిసెంబరులో మనకీ పాకిస్తాన్‌కీ యుద్ధం జరుగుతుంటే ఆ ఓడని బంగాళాఖాతం మీదికి పంపార్రా. మేం విశాఖలో కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని, దీపాలు ఆర్పేసుకుని కూర్చున్నాం."

వాడి మొహం చూడాలి. వాడి దేశపు ఓడ వాడి తాతయ్య ఉన్న తీరం వైపు వచ్చిందన్న సంగతి ఏ పాఠంలోనూ వాడికి తగల్లేదు. "మన మీద బాంబులు వేశారా?" అని అడిగాడు. వెయ్యలేదు, యుద్ధం ఆ లోపే ముగిసింది అని ఆయన చెప్పారు. ఎవర్నీ తిట్టలేదు, దేన్నీ తగ్గించి చెప్పలేదు. ఆ తర్వాత ఘాజీ కథ చెప్పారు. ఆ డిసెంబరు మొదటివారంలో విశాఖ రేవు దగ్గర మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి అది. అసలు పేరు డయాబ్లో. అమెరికా తన పాత జలాంతర్గామిని 1960లలో పాకిస్తాన్‌కి ఇచ్చింది. మన నౌకాదళం వదిలిన బాంబుల వల్ల మునిగిందని మనవాళ్ళంటారు, లోపలి పేలుడో సొంత మందుపాతరో కారణమని పాకిస్తాన్ వాళ్ళంటారు. మావాడు ఏది నిజమని గుచ్చిగుచ్చి అడిగాడు. "రెండూ చదువు. లోపలున్న మనుషులు మాత్రం ఎవరూ బతకలేదు, అది మర్చిపోకు" అన్నారాయన. తొంభైమంది దాకా పోయారు. పన్నెండేళ్ళ పిల్లాడికి ఇంత చెప్పాలా అని మావారు నావైపు చూశారు. చెప్పాలనే నా అభిప్రాయం.

అదే మ్యూజియంలో ఒక బి-24 లిబరేటర్ బాంబర్ ఉంది. దాని మీద ఇప్పుడు అమెరికా గుర్తులే కనిపిస్తాయి, కానీ అది భారత వైమానిక దళంలో పనిచేసిన విమానం. అమెరికాలో తయారై, బ్రిటిష్ వాళ్ళ చేతికి వెళ్ళి, యుద్ధం అయ్యాక కాన్పూరులో మిగిలిపోయిన లిబరేటర్లు చాలా ఉండేవి. మళ్ళీ ఎవరూ ఎగరెయ్యకుండా బ్రిటిష్ వాళ్ళు వాటిని పాడుచేసి మరీ వెళ్ళారు. 1948లో బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు ఆ శిథిలాలకి అతుకులు వేసి, బెంగళూరుకి ఎగరేసుకెళ్ళి, నలభైకి పైగా విమానాల్ని మళ్ళీ పనిలోకి తెచ్చారు. 1968 దాకా అవి మన దగ్గర ఎగిరాయి. వాటిలో ఒకటైన ఈ విమానం 1969లో ఎగురుకుంటూనే టూసాన్ చేరింది.

మామయ్యగారు ఆ విమానం చుట్టూ తిరుగుతూ రివెట్లు చూస్తూ ఉండిపోయారు. చిన్నది అలిసిపోయి నా భుజం మీద నిద్రపోయింది. పెద్దవాడు మాత్రం ఆయన పక్కనే నిలబడి, ఏ రేకు బెంగళూరులో వేసిందో చెప్పమని ప్రాణం తీశాడు. బయటినుంచి చెప్పడం కుదరదురా అంటే నమ్మడే.

ఈ వేసవికి విశాఖ వెళ్తున్నాం. బీచ్ రోడ్డులో టీయూ-142 అనే విమానాన్ని మ్యూజియంగా పెట్టారు. రష్యాలో తయారై, మన నౌకాదళంలో 29 ఏళ్ళు పనిచేసి 2017లో రిటైరైంది. ఎదురుగానే సముద్రం. ఎడారి పొడిగాలిలో విమానాల్ని ఎలా కాపాడతారో తెలిసిన మావాడికి ఇప్పుడు పట్టుకున్న బెంగ అదే. అంత ఉప్పుగాలిలో దానికి ఏం పూస్తున్నారు, ఎన్నాళ్ళకోసారి కడుగుతున్నారు అని తాతయ్యకి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు, తెలుగులోనే. మ్యూజియంవాళ్ళనే అడుగుదాం, ప్రశ్నలన్నీ రాసి తెచ్చుకో అని ఆయన జవాబు పంపారు. వాడు రాస్తున్నాడు.