కళ్లు బాగానే ఉన్నాయిగా, వెళ్లమ్మా

మా చిన్నోడికి చూపు తక్కువని ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ శుక్రవారం చేతికొచ్చింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అది తగ్గేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. మా చిన్నోడికి మూడేళ్లు నిండాయి. పుట్టగానే ఏడవలేదని పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఐదో నెల వచ్చినా నా మొహం కేసి చూసేవాడు కాదు, గొంతు వింటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడించేవాడు. "కళ్లు నిచ్చేపంలా ఉన్నాయి, గుంటడికి ఏటి కనపడదంటావే?" అని మా అత్త. కొందరికి ఆలస్యమవుతుంది, చూద్దాం అన్నారు పిల్లల డాక్టరు. అలా మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలల గురించి మాత్రం నన్ను నేనే తిట్టుకుంటాను.

తర్వాత పలాస ప్యాసింజరెక్కి విశాఖలో హనుమంతువాక దగ్గరున్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. చుక్కలు వేసి పవర్ చూడడం, కంటి వెనక నరం చూడడం ఒక్క పూటలో అయిపోయాయి. ప్లస్ పవర్ అద్దాలు రాశారు. ఎమ్మారై రిపోర్టు కూడా చూశాక చెప్పారు: కన్నూ నరమూ బాగున్నాయి, పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక మెదడులో చూపుని అర్థం చేసుకునే చోట దెబ్బ తగిలింది. దీన్ని సీవీఐ (సెరిబ్రల్ విజువల్ ఇంపెయిర్‌మెంట్) అంటారు. కంటి నుంచి వచ్చిన కబురుని మెదడు పోల్చుకోలేకపోతోందన్నమాట.

మాటలు రాని పిల్లాడికి చూపెంతుందో ఎలా కొలుస్తారా అనుకున్నాను. బూడిద రంగు అట్టకి ఒక పక్కన నల్లటి తెల్లటి చారలుంటాయి, రెండో పక్క ఖాళీ. అట్ట మధ్యలో ఉన్న చిన్న కన్నంలోంచి ఒకమ్మాయి వాడి కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూసింది. చారలు కనిపిస్తే పిల్లలు అటే తిరుగుతారట. చారలు సన్నబడే కొద్దీ వాడు తిరగడం మానేశాడు. ఒక్కో అట్టకి ఎంతసేపు ఆగిందో! వాడు తిరగడానికి అరనిమిషం పట్టినా ఆ అమ్మాయి కదల్లేదు. అంత ఓపిక నాకే లేదు.

థెరపీ అంటే ఏవో మిషన్లు అనుకున్నాను. చాలావరకు ఇంట్లో చేసుకునేదే. చీకటి గదిలో నల్లగుడ్డ పరిచి దాని మీద ఒకే ఒక్క వస్తువు పెట్టి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి నెమ్మదిగా కదపాలి. చూపిస్తున్నప్పుడు మాట్లాడకూడదు, వింటే చూడడం మానేస్తాడు. పూల చీరలొద్దు, ఒకే రంగు కట్టుకోమన్నారు. మెరిసే వస్తువులు మంచివంటే నా సారెలో వచ్చిన బుడితి ఇత్తడి చెంబు అటక మీంచి దింపాను. చింతపండుతో తోమి టార్చి వెలుగులో తిప్పితే పదకొండో రోజుకి చెయ్యి చాపాడు. చాపేటప్పుడు మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. అది కూడా మామూలేనట, ముందు చూసి, తర్వాత తల తిప్పి పట్టుకుంటారట. ఇవన్నీ తేదీలతో నోటు పుస్తకంలో రాశాను. విశాఖలో ఆ పుస్తకాన్ని ఇంకో ముగ్గురు తల్లులకి చూపించారు, ఆ మాట చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టదు.

ఇంకొకటి. మెట్లకీ గుమ్మాలకీ పసుపు రంగు టేపు అంటించమన్నారు, కింది వైపు చూపు తక్కువని. ఇంటికొచ్చి చూస్తే మా అత్త ప్రతి శుక్రవారం గడపకి రాసే పసుపు అక్కడే ఉంది. వాడు ఆ ఒక్క గుమ్మం దగ్గరే పడడం లేదని అప్పటిదాకా గమనించలేదు నేను. ఆవిడ మాత్రం ఊరంతా చెప్పుకుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. సచివాలయంలో స్లాటు బుక్ చేయించుకుని పొద్దున్నే డాక్టర్లు పరీక్షించి వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే క్యాంపుకి వెళ్లాం. మా ఆయనకి షిఫ్టు, నేనూ వాడూ. షామియానా కింద మైకు గోల, జనం. అలాంటి చోట వీడు కళ్లు మూసుకుని నా భుజంలో మొహం దాచేస్తాడు. సిరిమానోత్సవం నాడు విజయనగరంలో కూడా అంతే చేశాడు, అప్పుడు నిద్రొస్తోందనుకున్నాం. మధ్యాహ్నం రెండు దాటాక పిలిచారు. డాక్టరు వాడి మొహం మీద టార్చి వేశారు. వాడు ఠక్కున వెలుగు కేసి తిరిగాడు.

"చూస్తున్నాడు కదమ్మా!"

దీపం కేసి అలా అతుక్కుపోవడం ఆ జబ్బు లక్షణమే అని నాకు చెప్పారు, నేను ఆయనకి చెప్పబోయాను. ఫైలు ఇచ్చాను. మొదటి కాగితంలో "ఫండస్ నార్మల్" (కంటి లోపలి వెనక భాగం బాగుంది) అన్నచోట పెన్నుతో గీత గీశారు. "నార్మల్ అని వాళ్లే రాశారు. కళ్లు బాగానే ఉన్నాయిగా." మూడో కాగితం చూడండి సార్, మెదడు గురించి అక్కడ ఉంది అన్నాను. తిప్పలేదు. మూడేళ్లవాడికి రెండు వేళ్లు చూపించి "ఎన్నిరా?" అన్నారు. వాడికి మాటలే సరిగ్గా రావు. తర్వాత వెనక నిల్చున్న వాళ్లకి వినపడేలా, "పింఛను ఆరు వేలు చేశాక చూపున్న పిల్లలందరికీ చూపు పోతోంది" అన్నారు.

లైన్లో వాళ్లు నవ్వారు. పొద్దున కింద పడిపోతే కర్ర అందించానే, ఆ ముసలాయన కూడా నవ్వాడు.

అక్కడ ఏడవలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పింఛను కోసం వచ్చానా అంటే, అవును, దానికీ వచ్చాను. ప్రతి నెలా విశాఖ వెళ్లి రావడానికి ఎంతవుతుందో ఆయనకేం తెలుసు? దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, మా వీధిలోనే ఉన్నారు. వాళ్లని వదిలేసి నా పిల్లాడి దగ్గరా నిఘా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అద్దాలు పెట్టాక కూడా రెండిట్లో మెరుగైన కంటికి చూపు 6/18 (మామూలు చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి పోల్చేది 6 మీటర్ల నుంచి పోల్చడం) కంటే తక్కువుంటే దాన్ని లో విజన్, అంటే తక్కువ చూపు అనే రాసి ఉంది. కన్ను పాడైతేనే అని ఎక్కడా లేదు.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాను. ఫైలులో మూడో కాగితాన్ని పైకి తెచ్చాను. ఫోన్లో రెండు వీడియోలు తీశాను. ఒకదాంట్లో స్టీలు కంచంలో ఇడ్లీ, వాడు కంచమంతా తడుముతున్నాడు. రెండో దాంట్లో అదే ఇడ్లీ నల్లటి ప్లేటులో, కాసేపాగి నేరుగా చెయ్యి వేశాడు. ఈసారి ఒక లేడీ డాక్టరు. వీడియోలు రెండేసి సార్లు చూసి, వాడిని మైకు వినపడని గదిలోకి తీసుకెళ్లి ఐదు నిమిషాలు ఊరికే గమనించారు. సర్టిఫికెట్ తాత్కాలికమే, మళ్లీ చూపించాలి. ఫర్వాలేదు.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు వీడియోలు తియ్యండి. రిపోర్టుల జిరాక్సులు నాలుగు సెట్లు ఉంచుకోండి, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. జిల్లా కేంద్రంలో డీఈఐసీ (పిల్లల లోపాలని తొందరగా పట్టుకుని చూసే సర్కారు కేంద్రం) ఉంటుంది, ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం, మొదట అక్కడికే వెళ్లండి. ఆ సంగతి నాకు ఏడాదిన్నర దాకా ఎవరూ చెప్పలేదు. మూడు నెలలు చూద్దాం అంటే ఒప్పుకోకండి.

వచ్చే నెల మళ్లీ విశాఖ. ఎలాగైనా సరే రైల్లో కిటికీ పక్క సీటు పట్టుకోవాలి. నిలబడ్డ చెట్టు వాడికి ఆనదు గానీ, రైలు కదిలాక వెనక్కి పరిగెత్తే చెట్లని కొత్తవలస దాకా రెప్ప వెయ్యకుండా చూస్తాడు.